చెవితో చదవాల్సిన కన్యాశుల్కం

శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఏడాది చదివిన పుస్తకాల్లో బాగా నచ్చినవేవో చెప్పుకుందాం. అన్నీ ఏకరువు పెడితే ఉన్న సమయం పేర్లకే సరిపోతుంది. అందుకని రెండింటిని తలచుకుని, మూడోదాని దగ్గర తీరిగ్గా కూర్చుందాం.

శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో జీవితం గడిపిన చాగంటి సోమయాజులు గారి కథలు ఒకటి. వాటిలో 'వాయులీనం' కొద్ది పేజీల కథ. ఇంట్లో జబ్బు, చేతిలో లేని డబ్బు, గోడవారన ఒక ఫిడేలు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఊరు విజయనగరంలో ఆ కథ చదివితే ఇంకాస్త బరువుగా తగులుతుంది. రెండోది కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం'. ఒక అప్పు మీద ఊరు పంచాయతీకి కూర్చోవడమే కథ. మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయానికి వెళ్తే ఇలాంటి కథలు బీరువాల నిండా ఉంటాయి.

ఇక మూడోది, గురజాడ వారి కన్యాశుల్కం నాటకం. పేరు వినని వాళ్లు మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఉండరు. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన వాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు. కారణం ఒకటే. దాన్ని కంటితో చదవబోతాం. అది చెవితో చదవాల్సిన పుస్తకం.

1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన నాటకం ఇది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశారు. మనం చదవాల్సింది ఆ రెండో కూర్పు. కొనేటప్పుడు విషయసూచిక చూడండి. ఏడు అంకాలు ఉండాలి. అయిదే ఉంటే అది మొదటి కూర్పు. ఇంకా తక్కువుంటే రంగస్థలానికి కుదించినది. కుదించినదాంట్లో కథ ఉంటుంది గాని, మాట ఉండదు. ఈ పుస్తకానికి ప్రాణం మాటే.

ఆ మాట పేజీ మీద వింతగా కనిపిస్తుంది. 'వొ'లూ 'యె'లూ కళ్లకు అడ్డం పడతాయి. పైకి చదవండి, అడ్డు పోతుంది, మన మేనమామో, పక్కింటి తాతో మాట్లాడినట్టే ఉంటుంది. నాటకంలో నౌకరు అసిరి మాట మన పల్లెల మాట. గ్రామదేవత అసిరితల్లి పేరు పెట్టుకునే ఊళ్లకు అర్థాలు చెప్పాలా?

ఎలా చదవాలో చెప్తాను. నలుగురు చాలు. ఇంట్లో వాళ్లే అవ్వొచ్చు. పుస్తకాలు కనీసం రెండు ఉండాలి. ఒకే పుస్తకం చేతులు మారుతుంటే సంభాషణ ప్రతిసారీ తెగుతుంది. ముందురోజు ఒకరు ఆ అంకం తిరగేసి, పెన్సిల్‌తో ఎవరి పాత్రలు వాళ్లకు గుర్తు పెట్టాలి. ఒకరికి రెండు మూడు పాత్రలు వస్తాయి, తప్పదు. ఒకరితో ఒకరు మాట్లాడుకునే రెండు పాత్రలు మాత్రం ఒకే గొంతుకి ఇవ్వకండి.

గిరీశం పాత్ర ఇంగ్లీషు ముక్కలు తడబడకుండా పలికేవాళ్లకి ఇవ్వాలి. అతని ఇంగ్లీషు నత్తితో నడిస్తే అతని శిష్యుడు వెంకటేశం ఎందుకు మోసపోయాడో వినేవాళ్లకి అందదు. 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమా గొంతుల్ని అనుకరించకండి. అనుకరణ మొదలైతే అందరి చెవీ నటుడి మీదికి పోతుంది, మాట మీద నిలవదు.

పాత్ర పేరు ప్రతి మాటకీ ముందు చదవద్దు. రంగంలోకి వచ్చినప్పుడు ఒక్కసారి చెప్తే చాలు. ప్రతిసారీ చెప్తే హాజరుపట్టీ పిలిచినట్టు ఉంటుంది, నవ్వు చచ్చిపోతుంది. పాత మాట తగిలితే మధ్యలో ఆపి అర్థం చెప్పవద్దు. అంచున గీత పెట్టుకుని, రంగం అయ్యాక మాట్లాడుకోండి.

నింపాదిగా చదివితే పేజీకి రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. ఇరవై పేజీలంటే ముప్పావుగంట. పూటకి అంతకు మించితే గొంతు అలిసి, అందరి మాటా ఒకేలా వినిపిస్తుంది. అంకాలన్నీ ఒక్క నిడివి కావు. పెద్ద అంకమైతే రంగం చివర ఆపండి, రంగం మధ్యలో వద్దు.

ఇంకో చిట్కా, నాకు చాలా ఇష్టమైనది. నాటకంలో వేశ్య మధురవాణి కంటె ఉంది చూశారూ, ఆ మెడ నగ. అది ఏ రంగంలో ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. రామప్పపంతులు చేతికి వచ్చిన దగ్గర్నుంచి రాయండి. మూడో అంకం తరువాత కథలో దారి తప్పే వాళ్లకి ఆ కాగితమే దారి చూపిస్తుంది. అది ఎక్కడ తేలుతుందో నేను చెప్పను, చదివేవాళ్ల రుచి పోతుంది.

చివరిగా అన్నిటికన్నా ముఖ్యమైనది. వేషం చెవికి కనిపించదు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో పెళ్లికూతురవుతాడు. చివరి అంకంలో విశాఖపట్నంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు గారి ముందుకు వస్తుంది. నాటకశాలలో చూసేవాళ్లకి ఇది కళ్లముందే ఉంటుంది. ఇంట్లో వినేవాళ్లకి ఉండదు. అందుకని కుండలీకరణాల్లో ఉన్న రంగసూచనలు చదవడానికి ఒకరిని విడిగా పెట్టండి. మిగతా చోట్ల మెల్లగా చదివినా పరవాలేదు. ఈ రెండు చోట్లా మాత్రం గొంతు పెంచి, ఆగి, స్పష్టంగా చదవాలి. ఇక మధురవాణి మాటలు చదివేవాళ్లు మగగొంతు తెచ్చిపెట్టుకోవద్దు, మామూలు గొంతుతోనే చదవాలి. వేషం సంగతి వినేవాళ్లకి తెలుసు, పంతులు గారికి తెలియదు. ఆ తేడా నిలిస్తేనే ఆ రంగం పండుతుంది.

నమస్కారం.