ఇంటికొచ్చిన మొదటి మూడు నెలలు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇంట్లో ఒకరు మానసిక వైద్య వార్డులో ఉండి వచ్చినవారే కాబట్టి సూటిగా చెబుతాను. ఆస్పత్రిలో చేర్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడ్డారో, ఇంటికి తెచ్చాక అంతకన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. 2017లో 100 అధ్యయనాల లెక్కలు కలిపి చూశారు. డిశ్చార్జ్ అయినవాళ్లలో ఆత్మహత్యల రేటు మొదటి మూడు నెలల్లోనే బాగా ఎక్కువగా ఉంది. ఏడాది లెక్కన లక్షమందికి 1,132. చాలామంది క్షేమంగానే ఉంటారు, భయపడకండి. కానీ ఆ మూడు నెలలు ఏమరుపాటు వద్దు.

వార్డులో ఉన్నప్పుడు నర్సు వేళకు మాత్ర ఇచ్చి, మింగేదాకా పక్కనే నిలబడుతుంది. అర్ధరాత్రి నిద్ర పట్టకపోయినా పలకరించే మనిషి ఉంటుంది. ఇంటికొస్తే అవే అప్పులు, అవే గొడవలు. వీధిలో "ఎర్రగడ్డ నుంచి వచ్చాడట" అని గుసగుసలు. ఇంట్లోవాళ్లేమో "హమ్మయ్య, బాగైపోయింది" అనుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడిపోతారు. అతనికి మనిషి తోడు బాగా అవసరమైన రోజులవే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు 1969లో ఒక పని మొదలుపెట్టారు. డిప్రెషన్‌తోనో, చనిపోవాలనే ఆలోచనలతోనో ఆస్పత్రిలో చేరి, బయటికొచ్చాక వైద్యం కొనసాగించని 843 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఉత్తరాలు రాయించారు. మొదట్లో నెలనెలా, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి, అలా ఐదేళ్లు. ఉత్తరం చాలా చిన్నది. మీరు ఇక్కడి నుంచి వెళ్లి కొన్నాళ్లయింది, బాగున్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం. అంతే. ఉత్తరాలు అందుకున్నవాళ్లలో మొదటి రెండేళ్లూ ఆత్మహత్యలు స్పష్టంగా తగ్గాయి. ఆ ఉత్తరం ఎవరినీ ఏమీ అడగదు, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. మనం ఫోన్ చేస్తే మొదటి మాటే "మాత్ర వేసుకున్నావా?"

మన పక్కనున్న చెన్నైతో కలిపి ఐదు నగరాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటిదే చేసి చూసింది. ఇందులో చేరినవాళ్లు వార్డు నుంచి వచ్చినవాళ్లు కారు, ఆత్మహత్యాయత్నం చేసి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు. గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడారు. తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో, ఇంటికి వెళ్లో పలకరించారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో నూటికి 2.2 మంది ఆత్మహత్య చేసుకుంటే, వీళ్లలో 0.2. 2008లో వచ్చిన ఫలితమిది. ఇందుకు పెద్ద మెషీన్లు అక్కర్లేదు, శ్రద్ధగల మనిషి ఉంటే చాలు.

ఇక ఇంటి సంగతి. పురుగుమందు డబ్బాలు కొట్టంలో గూట్లోనో, మంచం కిందో ఉంటాయి. వాటిని ఇంట్లోంచి తీసేయండి, లేదంటే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచండి. నెల మాత్రలు ఒకేసారి ఇస్తే కొద్దిరోజులవే బయట పెట్టండి. ఇదంతా చాటుగా చేస్తే అనుమానించినట్టు ఉంటుంది, అతనికి చెప్పే చేయండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందుకు లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 98వ సెక్షన్ ఉంది. డిశ్చార్జ్‌కు ముందు డాక్టరు రోగితోనూ, చూసుకునే కుటుంబంతోనూ కూర్చుని, తర్వాతి వైద్యం ఏమిటో మాట్లాడాలి. మొహమాటపడకుండా అడగండి. చీటీలో రివ్యూ తేదీ ఎలాగూ ఉంటుంది. అది చాలదు, మొదటి వారంలో ఎవరు పలకరిస్తారో, రాత్రిపూట ఇబ్బందైతే ఏ నంబరుకు చేయాలో కూడా అదే చీటీ మీద రాయించుకోండి. ఆస్పత్రిలో ఫోన్ చేసే మనిషి లేకపోతే, అన్నయ్యో మేనత్తో ఎవరో ఒకరు ఆ పని తీసుకోవాలి, డిశ్చార్జ్ రోజే పేరు అనుకోండి.