ఆకాశం కబురు: అంకె, దాని పక్కన తేదీ

శ్రోతలకు నమస్కారం.

2025 ఫిబ్రవరి నెల ఒకసారి గుర్తు తెచ్చుకోండి. టీవీ పెడితే అదే వార్త, ఫోన్ తీస్తే అదే వార్త. ఒక గ్రహశకలం భూమి మీదికి వస్తోందట, 2032లో ఢీకొట్టవచ్చట. పేరు 2024 వైఆర్4. మొదట అవకాశం ఒక శాతం అన్నారు. తర్వాత రెండు దాటిందన్నారు. ఆ పైన మూడు దాటిందన్నారు. ఆ తర్వాత చప్పున అందరూ ఊరుకున్నారు. ఏమైంది? ఆ సంగతి చాలామంది దాకా చేరనే లేదు. భయపెట్టిన వార్త పిలవకుండానే ఇంటికి వచ్చింది, భయం తీర్చిన వార్తను మాత్రం మనమే వెతుక్కోవలసి వచ్చింది.

ఎక్కడ వెతకాలన్నదే ఈ ప్రసంగం. ఆకాశం గురించిన అంకె ఏదైనా సరే, అది పుట్టిన చోటికే వెళ్లి చూడండి. అంకెతో పాటు దాని పక్కనున్న తేదీ చూడండి. అంకె, తేదీ. ఈ రెండూ విడివిడిగా వస్తే ఆ వార్తకు విలువ లేదు.

వైఆర్4 కథ మొత్తం చెబుతాను, ఎందుకంటే ఖగోళ వార్తలు ఎలా పుట్టి ఎలా మారతాయో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ లేదు. 2024 డిసెంబర్ 27న చిలీ దేశంలోని రియో హుర్తాదోలో ఉన్న అట్లాస్ టెలిస్కోపు దాన్ని మొదటిసారి పట్టుకుంది. అప్పటికే రెండు రోజుల కిందట, డిసెంబర్ 25న, భూమికి సుమారు 8 లక్షల 28 వేల కిలోమీటర్ల దూరంలోంచి అది దాటిపోయింది. అంటే మనం చూసేసరికే అది దూరమవుతోంది, రోజురోజుకీ మసకబారుతోంది. 2025 జనవరి 27న, 2032 డిసెంబర్ 22న భూమిని తాకే అవకాశం ఒక శాతం దాటింది. ఫిబ్రవరి 12 పౌర్ణమి. ఆ వెన్నెల వెలుగులో అంత మసక చుక్కను కొలవడం కుదరక పరిశీలనలు కొన్నాళ్లు ఆగాయి. వెన్నెల తగ్గి మళ్లీ కొలిచాక ఫిబ్రవరి 18న నాసా లెక్క 3.1 శాతానికి చేరింది. ముప్పై రెండింట ఒక వంతు అన్నమాట. అదే రోజుల్లో యూరప్ అంతరిక్ష సంస్థ విడిగా వేసుకున్న లెక్క 2.8 శాతం. తాకితే ఎక్కడ తాకవచ్చో గీసిన దారిలో దక్షిణాసియా కూడా ఉంది కాబట్టి మన దగ్గర గుబులు ఇంకా పెరిగింది. మర్నాడు, ఫిబ్రవరి 19న, నాసా అంకె 1.5 శాతానికి దిగింది. ఆ మర్నాడు 0.28. ఫిబ్రవరి 24కల్లా 0.004 శాతం, అంటే లక్షకు నాలుగు వంతులు.

పెరుగుతూ పెరుగుతూ వచ్చిన అంకె ఒక్కసారిగా ఎందుకు కూలింది? శాస్త్రవేత్తలు మాట మార్చారా? లేదు. వాళ్లు ముందే చెప్పిన తీరులోనే జరిగింది. కొద్ది రోజుల కొలతలతో వేసిన కక్ష్య ఉజ్జాయింపుగానే ఉంటుంది. 2032లో ఆ రోజున శకలం ఏ చోట ఉంటుందో చెప్పమంటే ఒక్క చుక్క పెట్టలేం, ఒక పొడవైన గీత గీసి ఈ గీత మీద ఎక్కడైనా ఉండొచ్చు అనాలి. ఆ గీతను వంద భాగాలు చేస్తే భూమి ఒక భాగాన్ని ఆక్రమించింది అనుకోండి. అవకాశం ఒక శాతం. కొత్త కొలతలు వచ్చాయి, గీత కుదించుకుపోయి ముప్పై రెండు భాగాలే మిగిలింది. భూమి ఇంకా ఆ గీత మీదే ఉంది. ముప్పై రెండింట ఒకటి, అంటే మూడు శాతం. ప్రమాదం పెరగలేదు, గీత పొట్టిదైంది. ఇంకా కొలిచారు, గీత ఇంకా కుదించుకుపోయింది, ఈసారి భూమి దాని కొస నుంచి బయటపడింది. అంకె పడిపోయింది. అందుకే ఎక్కే అంకెను చూసి హడలిపోకండి. దాని వెనుక ఎన్ని రోజుల కొలతలున్నాయో చూడండి.

అది చూసే పేజీ ఉంది. కాగితం, పెన్ను తీసుకోండి. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబరేటరీలో భూమి దగ్గరికి వచ్చే వస్తువుల లెక్కలు చూసే విభాగం సి, ఎన్, ఇ, ఓ, ఎస్. ఈ ఐదక్షరాలూ వెతికితే మొదట్లోనే దొరుకుతుంది. అందులో సెంట్రీ అనే పట్టిక తెరవండి. ఫోన్‌లో చూస్తే ఫోన్‌ను అడ్డంగా తిప్పండి, పట్టిక వెడల్పుగా ఉంటుంది. ఒక్కో వరుసకు ఒక్కో శకలం. తాకే అవకాశం, వేగం, అంచనా వ్యాసం, చివర్లో టొరీనో స్కేలు. టొరీనో అంటే ముప్పు ఎంతో చెప్పే కొలమానం, సున్నా నుంచి పది దాకా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆ నిలువు వరుస నిండా దాదాపు సున్నాలే. వైఆర్4 మూడుకు చేరింది. 2004 డిసెంబర్‌లో అపోఫిస్ అనే మరో శకలం నాలుగుకు చేరింది. అంతకు మించి ఇంతవరకూ ఏదీ ఎక్కలేదు.

ఇప్పుడు శకలం పేరు మీద నొక్కండి. దాని సొంత పేజీలో ఒక వాక్యం ఉంటుంది: ఇన్ని పరిశీలనలు, ఇన్ని రోజుల వ్యవధిలో, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా. పేజీ మొత్తంలో విలువైన వాక్యం అదే. వ్యవధి మూడు నాలుగు రోజులే ఉంటే ఆ అంకె ఇంకా చాలా మారుతుంది. నెలలు, ఏళ్లు ఉంటే నిలబడుతుంది. లెక్కల్లో ప్రమాదం లేదని తేలిపోయిన వాటిని తొలగించినవాటి జాబితాలోకి మారుస్తారు, అది కూడా అక్కడే ఉంది. వార్తల్లో చదివిన పేరు పట్టికలో లేకపోతే ముందు ఆ జాబితా చూడండి.

ఇంకొక చిక్కు. భూమికి అతి సమీపంగా దూసుకొస్తున్న గ్రహశకలం అని మనకు వారానికొక శీర్షిక కనిపిస్తుంది. అదే చోట దగ్గరి రాకల పట్టిక ఉంటుంది. దూరం ఎల్.డి.లలో ఇస్తారు. ఒక ఎల్.డి. అంటే చంద్రుడి దూరం, సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్లు. పదిహేను ఎల్.డి. అని ఉంటే యాభై ఏడు లక్షల కిలోమీటర్ల పైమాట. ప్రమాదకరమైనది అన్న ముద్ర ఉన్నా కంగారు పడకండి. కక్ష్య భూమి కక్ష్యకు సుమారు 75 లక్షల కిలోమీటర్ల లోపు వచ్చి, సైజు ఇంచుమించు 140 మీటర్లు దాటితే ఆ వర్గంలో వేస్తారు. ఈ ఏడాది తాకుతుందని దాని అర్థం కానే కాదు.

ఇక రోజూ కొత్త కబుర్లు కావాలంటే. నాసా రోజుకొక ఖగోళ చిత్రం పెడుతుంది, కింద శాస్త్రవేత్త రాసిన నాలుగు మాటల వివరణతో. 1995 జూన్ 16న మొదలైన పేజీ అది, పిల్లలున్న ఇంట్లో తప్పక ఉండాలని నా అభిప్రాయం. మన రాకెట్ల సంగతి ఇస్రో వెబ్‌సైట్‌లోనే చూడండి. శ్రీహరికోటలో ప్రయోగాన్ని గ్యాలరీలో కూర్చుని చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, సీట్లు త్వరగా నిండిపోతాయి. తేదీలు మారతాయని కూడా గుర్తుంచుకోండి. 2024 డిసెంబర్ 30న ఎగిరిన ఇస్రో స్పేడెక్స్ జంట ఉపగ్రహాల అనుసంధానం, అంటే రెంటినీ అంతరిక్షంలో ఒకదానితో ఒకటి కలపడం, ముందు జనవరి 7 అన్నారు, తర్వాత 9 అన్నారు, చివరికి 2025 జనవరి 16న జరిగింది. పాత వాట్సాప్ సందేశం పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఇది తెలియదు.

ప్రతి సైటూ తిరిగే ఓపిక లేకపోతే ఫీడ్ రీడర్, అంటే వేర్వేరు సైట్ల కొత్త కబుర్లను ఒకేచోట చూపించే యాప్, పెట్టుకోండి. ఫీడ్‌లీ, ఇనోరీడర్ లాంటి యాప్‌లో సంస్థ పేరు టైప్ చేసి ఫాలో నొక్కితే చాలు, కొత్తది రాగానే అక్కడికే వస్తుంది. మొదట మూడే పెట్టుకోండి. ఒకేసారి ఇరవై పెట్టుకుంటే చదవనివి వందల్లో పేరుకుని, యాప్ తెరవడమే మానేస్తారు. ఏదైనా ఫీడ్ వారాల తరబడి మూగబోతే సంస్థ మూతపడిందనుకోకండి. సైట్ కొత్తగా మార్చినప్పుడు ఫీడ్ చిరునామా కూడా మారుతుంటుంది. పాతది తీసేసి కొత్తది చేర్చుకోండి.

ఆఖరుగా టైము సంగతి. విదేశీ సంస్థల పేజీల్లో వేళలు ఎక్కువగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయంలో, ఉంటాయి. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైము. గంటలు కలపడం అందరూ చేస్తారు, తేదీ మార్చడం మర్చిపోతారు. యూటీసీ సాయంత్రం ఆరున్నర దాటితే మనకు తెల్లవారి తేదీ. అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న భూమి ఉపరితలానికి సుమారు 32 వేల కిలోమీటర్ల దగ్గరగా వెళ్తుంది, తాకదు. అది అతి దగ్గరగా వచ్చే వేళ యూటీసీలో రాత్రి 9.45 ప్రాంతం. మన క్యాలెండర్‌లో అది ఏప్రిల్ 14, శనివారం తెల్లవారుజామున మూడుంబావు.