బర్మా: నాలుగు పుస్తకాలు, మూడు మ్యాపులు, ఒక మేస్త్రీ

రమ: అందరికీ నమస్కారమండి. రామచంద్రపురం నుంచే, ఎప్పటిలాగే మేడ మీద గది నుంచే. పక్కన బాబాయ్ ఉన్నారు, రికార్డింగ్ దగ్గర సత్తిబాబు ఉన్నాడు. ఇన్వర్టర్‌లో ఛార్జింగ్ ఉంది కాబట్టి ఈసారి మధ్యలో తెగదు.

బాబాయ్: యానాం ఎపిసోడ్ లాగా.

రమ: దాని ఊసెత్తొద్దు అనుకున్నాం కదండీ. ఈరోజు బర్మా, అదే మయన్మార్. అక్కడ యుద్ధం అని పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి, ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో తెలియదు. ఏం చదవాలి, ఏ మ్యాపు ముందేసుకోవాలి అని చాలామంది రాశారు. నేను నాలుగు పుస్తకాలు తెచ్చాను. బాబాయ్ మ్యాపులు తెచ్చారు. మంచం నిండా ఉన్నాయి.

బాబాయ్: అందులో పనికొచ్చేవి మూడే. మిగతావి నా సరదా. ముందు ఒక మాట. టీవీలో చూపిస్తారు చూడు, ఈ ముక్క ఎరుపు, ఆ ముక్క పచ్చ, ఇది సైన్యం చేతిలో, అది తిరుగుబాటుదారుల చేతిలో అని. అది మ్యాపు కాదమ్మా, ముగ్గు. కాంటూర్ గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు, లేనిది నా దృష్టిలో మ్యాపే కాదు.

సత్తిబాబు: మొదలెట్టారండి.

బాబాయ్: నువ్వు మాట్లాడకు. ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా నా సర్వీసంతా డెల్టాలోనే గడిచింది. మన పక్క కాంటూర్ గీద్దామంటే ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య రెండు ఊళ్ళు పట్టేస్తాయి. అందుకే మనకి కొండ అంటే అర్థం కాదు. బర్మాని మనం ఐరావతి డెల్టా నుంచి చూస్తాం, వరి, పడవ, ఉప్పుటేరు, అంతా మన కోనసీమే అనుకుంటాం. పైకి వెళ్ళి చూడు. పడమర అరకాన్ యోమా, దానిపైన చిన్ కొండలు, ఉత్తరాన కచిన్, తూర్పున షాన్ పీఠభూమి. మధ్యలో నది పారే మైదానం, మూడు పక్కలా కొండలే.

రమ: ఈ మ్యాపు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి ముందు.

బాబాయ్: అమెరికా సైన్యం వేసిన పాత షీట్లు. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు స్కాన్ చేసి నెట్‌లో ఊరికే పెట్టారు. స్కేలు 1:2,50,000, అంటే సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. రోడ్లు పాతవి, కొండలు మాత్రం పాతబడవుగా.

రమ: మైదానంలో బర్మీయులు, కొండల్లో షాన్, కచిన్, చిన్, కరెన్ వాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళు మైదానాన్ని నేరుగా ఏలారు, కొండల్ని అక్కడి దొరలకే వదిలేశారు. మనకి రంపచోడవరం పైనంతా ఏజెన్సీ అని విడిగా ఉంచలేదూ, ఇంచుమించు అదే పద్ధతి. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో షాన్, కచిన్, చిన్ నాయకులతో బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ ఒప్పందం చేసుకున్నారు, కలిసి ఉందాం, మీ పరిపాలన మీదే అని. ఆ జూలై 19న ఆయన్ని కాల్చి చంపేశారు. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది, 1949కల్లా కరెన్ల యుద్ధం మొదలైపోయింది. అంటే 2021 ఫిబ్రవరి 1న సైన్యం కుర్చీ లాక్కోవడంతో మొదలైన గొడవ కాదు ఇది. ఈ కథంతా ఓపిగ్గా చెప్పే పుస్తకం మార్టిన్ స్మిత్‌ది, ‘బర్మా: ఇన్సర్జెన్సీ అండ్ ద పాలిటిక్స్ ఆఫ్ ఎత్నిసిటీ’. 1991లో వచ్చింది. లావుగా ఉంటుంది, దళాల పేర్ల పొట్టి రూపాలు చూసి కంగారు పడకండి. రెండోది తాంట్ మింట్ ఊ రాసిన ‘ద రివర్ ఆఫ్ లాస్ట్ ఫుట్‌స్టెప్స్’. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా చేసిన ఊ తాంట్ మనవడు ఈయన. చదివిస్తుంది. అందులో రంగూన్ గురించి వచ్చిన చోట...

బాబాయ్: రంగం అను. మన ఇంట్లో ఎవరైనా రంగూన్ అన్నారా ఎప్పుడైనా?

రమ: సరే, రంగం. అక్కడ ఆగి మన సంగతి కూడా మాట్లాడుకోవాలనిపించింది. 1931 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో సగానికి పైగా ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. రేవులో బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు, అందులో మన కోరంగి, కాకినాడ వైపు నుంచి ఓడెక్కినవాళ్ళు ఎంతమందో. ఇంకో పక్క తమిళ వడ్డీ వ్యాపారులు చెట్టియార్ల అప్పుల కింద దిగువ బర్మా సాగుభూమిలో పావువంతు దాకా పోయింది. అక్కడి రైతుకి మనం ఎలా కనిపించి ఉంటాం?

బాబాయ్: కూలోడు అప్పులిచ్చాడా? బస్తా మోసినోడికీ చెట్టియారుకీ ఏమిటి సంబంధం?

రమ: సంబంధం లేదు. కానీ కోపం వచ్చినప్పుడు ఎవరు ఎవరని చూస్తారా? 1930 మేలో ఏం జరిగింది? తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీల వాళ్ళు బర్మా కూలీల్ని తెచ్చి పెట్టుకున్నారు. తర్వాత మనవాళ్ళతో రాజీ కుదిరింది, బర్మా వాళ్ళని ఇక మీరు వెళ్ళండన్నారు. అక్కడ రాజుకుంది. వందమందికి పైగా చచ్చిపోయారు, చచ్చినవాళ్ళలో ఎక్కువ మనవాళ్ళే.

బాబాయ్: అదే అంటున్నా. చచ్చింది మనవాళ్ళు. మళ్ళీ తప్పు మనదే అంటావు.

రమ: తప్పు అనలేదు బాబాయ్. మేస్త్రీల సంగతి కూడా చెప్పాలంటున్నాను.

బాబాయ్: అదిగో. ఇందుకేనా బర్మా పెట్టావు?

రమ: మీ తాతగారు, మా ముత్తాత, రేవులో మేస్త్రీ. ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. మేస్త్రీ అంటే ఏమిటి? ఇక్కడ ఊరూరా తిరిగి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని ఓడెక్కిస్తాడు. అక్కడ వాళ్ళ కూలి కంపెనీ దగ్గర తనే తీసుకుని, తన వాటా పట్టుకుని, మిగిలింది ఇస్తాడు. అప్పు తీరేదాకా కదలడానికి లేదు. మన పెంకుటింటి దూలాలు బర్మా టేకు అని చుట్టాలందరికీ చూపిస్తాం. అవి ఎవరి కూలితో వచ్చాయి?

బాబాయ్: నువ్వు చూశావా ఆయన పట్టుకోవడం?

రమ: మేస్త్రీలందరూ పట్టుకునేవారు, పద్ధతే అది. మీరే కదా చిన్నప్పుడు చెప్పింది, సంతర్పణ పెడితే ఊళ్ళో సగం మంది భోజనానికి వచ్చేవారు కాదని.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

సత్తిబాబు: కట్ చెయ్యమంటారా అండి?

బాబాయ్: వద్దు, ఉండనీ. రమా, ఆయన పట్టుకున్నాడు. కాదనను. కానీ 1942 కూడా చెప్పు. డిసెంబర్ 23న, అంటే 41లో, రంగం మీద జపాన్ బాంబులేసింది. మార్చి 8కల్లా ఊరు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. ఓడల్లో చోటు డబ్బున్న వాళ్ళకి దొరికింది. మిగతా వాళ్ళు నడిచారు. నాలుగైదు లక్షల మంది. మా నాన్నకి అప్పుడు పదిహేనో పదహారో. ఇదిగో ఈ షీటు చూడు. ఇక్కడ ప్రోమ్, ఐరావతి ఒడ్డు. ఇక్కడ తౌంగుప్, సముద్రం పక్కన. రెండింటి మధ్యా గీతలు చూడు.

రమ: నల్లగా ఉంది మొత్తం.

బాబాయ్: నలుపు కాదు, గీతలు. ఒకదాని మీద ఒకటి అంత దగ్గరగా ఉన్నాయి. అదే అరకాన్ యోమా. నూరు మైళ్ళకి పైగా దారి, నీళ్ళు లేవు, కలరా. పల్లంలో పుట్టి పెరిగినోళ్ళు, బుగ్గలమ్మ గట్టు కూడా ఎక్కనోళ్ళు, పిల్లల్ని చంకనేసుకుని ఈ గీతల మీద నడిచారు. వేలమంది అక్కడే పడిపోయారు. మా మేనత్త అందులో ఒకతి. టీవీ ముగ్గులో ఇది పచ్చరంగు, అంతే. నేను కాంటూర్ కాంటూర్ అని గోల పెట్టేది ఇందుకే.

రమ: నాకు ఈ దారి తెలియదు. ఎప్పుడూ చెప్పలేదే మీరు.

బాబాయ్: నువ్వెప్పుడూ టేకు గురించే అడిగావు. గుక్కెడు కాఫీ తాగుదాం, పట్టుకురా సత్తీ.

రమ: రికార్డవుతోంది కాబట్టి సత్తిబాబు వెళ్ళడు. సరే, ఇక్కడే మూడో పుస్తకం. జేమ్స్ స్కాట్ రాసిన ‘ద ఆర్ట్ ఆఫ్ నాట్ బీయింగ్ గవర్న్‌డ్’, 2009. ఆయన వాదన ఏమిటంటే, కొండల్లో ఉన్నవాళ్ళు వెనకబడిపోయి అక్కడ ఉండిపోలేదు. పన్ను, వెట్టి, సైన్యంలో బలవంతపు భర్తీ, ఇవన్నీ మైదానం రాజులు పెట్టే బాధలు. వాటిని తప్పించుకోవడానికి జనం కావాలనే పైకెళ్ళారు అంటాడు. దాదాపు మూడు వందల మీటర్ల ఎత్తు దాటితే లోకం వేరంటాడు.

బాబాయ్: మూడు వందల మీటర్ల కాంటూర్!

రమ: ఆగండి. అన్నిటికీ అది సరిపోతుందని నేను అనుకోను, చరిత్రకారులు చాలామంది ఒప్పుకోలేదు కూడా. కానీ 2024 ఫిబ్రవరిలో సైన్యం నిర్బంధ సైనిక సేవ చట్టం అమల్లోకి తెచ్చింది. కుర్రాళ్ళు ఎటు పోయారు? థాయిలాండ్ వైపు, లేదంటే కొండల్లో ఉన్న సాయుధ దళాల దగ్గరికి.

బాబాయ్: అందుకే జాతుల మ్యాపు కూడా నమ్మకు. షాన్ రాష్ట్రం అంటే మొత్తం ఒకే రంగు పూస్తారు. లోయలో వరి పండించేవాళ్ళు షాన్. అదే కొండ పైకెక్కితే తాంగ్ వాళ్ళు, తేయాకు పండిస్తారు. పైనుంచి చూస్తే ఒకే చోటు. పక్క నుంచి చూస్తే రెండు దేశాలు.

రమ: మీ రెండో మ్యాపు ఏది?

బాబాయ్: టౌన్‌షిప్‌లది. మయన్మార్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ యూనిట్ అని ఉంది, వాళ్ళ సైట్లో దొరుకుతాయి. దేశం మొత్తం 330 టౌన్‌షిప్‌లు, మన మండలాల లాంటివి. వార్తల్లో ఫలానాది పడిపోయింది అంటే దీంట్లో వెతుక్కో, తర్వాత కాంటూర్ షీటు మీద పెట్టి చూడు. షాన్ రాష్ట్రంలో లాషియో ఊరి సంగతే తీసుకో. 2023 అక్టోబర్ 27న మూడు తిరుగుబాటు దళాలు కలిసి సైన్యం మీద దాడి మొదలెట్టాయి. 2024 ఆగస్టులో లాషియో పోయింది, సైన్యం తల కొట్టేసినట్టయింది. మళ్ళీ 2025 ఏప్రిల్‌లో చైనా మధ్యలో కూర్చుని సైన్యానికే ఇప్పించింది. ఇప్పుడు ఆ ఊరికి ఏ రంగు పూస్తావు?

రమ: చైనాకి అక్కడ ఎందుకంత పట్టు అంటే, ఆ ఊరు వాళ్ళ సరిహద్దుకెళ్ళే వర్తకం రోడ్డు మీద ఉంది. ఇటు మన సముద్రం ఒడ్డున చౌక్‌ప్యూ నుంచి యునాన్ దాకా వాళ్ళ గ్యాసు గొట్టం. 2013 నుంచి నడుస్తోంది.

బాబాయ్: అరకాన్ ఆర్మీ అని అక్కడి తిరుగుబాటు దళం చుట్టుపక్కల అంతా పట్టుకుంది, చౌక్‌ప్యూ, సిత్వే మాత్రం సైన్యం దగ్గరే ఉన్నాయి. ఆ సిత్వేనే అప్పటి అక్యాబ్. నాన్నవాళ్ళు తౌంగుప్ నుంచి పడవెక్కింది అక్కడికే.

రమ: నాలుగో పుస్తకం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాస్కల్ ఖూ త్వే, ‘ఫ్రమ్ ద లాండ్ ఆఫ్ గ్రీన్ గోస్ట్స్’, 2002. కొండజాతి కుర్రాడు, 1988 ప్రజాస్వామ్య ఉద్యమంలో అడవిలోకి పారిపోయి చివరికి కేంబ్రిడ్జ్‌లో తేలాడు. నాలుగింటిలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. మిగతా మూడూ కొండల్ని బయటి నుంచి చూసి రాసినవి, ఇది కొండల్లోంచి వచ్చింది.

బాబాయ్: మూడో మ్యాపు చెప్పలేదు నేను.

రమ: జాతులదే కదా మూడోది, నమ్మొద్దన్నారుగా.

బాబాయ్: నమ్మొద్దన్నా, చూడొద్దన్లేదు.

రమ: ఒక ఉత్తరం ఉంది. తాళ్ళరేవు నుంచి ఒకాయన రాశారు, మా ఇంట్లో రంగం నాటి ఓడ టికెట్లు, రసీదులు ఉన్నాయి, ఎవరికివ్వాలి అని. ముందు స్కాన్ తీయించండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి. బాబాయ్, మన ట్రంకుపెట్టె ఎవరి దగ్గరుంది?

బాబాయ్: కోరంగిలో, పెద్దత్త దగ్గర.

రమ: అందులో ముత్తాత లెక్కల పుస్తకం ఉంటుందేమో. ఎవరికెంత ఇచ్చాడో, ఎంత పట్టుకున్నాడో.

బాబాయ్: ఉంటే ఉంటుంది. ఆవిడ ఇవ్వదు.

రమ: మీరడగండి.

బాబాయ్: నేనడగను. మొన్న పెళ్ళిలో ఆవిడ నన్ను అందరి ముందూ ఏమందో నీకు తెలుసా?

రమ: బాబాయ్, రికార్డవుతోంది.

బాబాయ్: అయితే ఆపమను.