శనివారం నాలుగు గంటల కుస్తీ

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, పిల్లల పరీక్షలను కూడా పక్కనబెట్టి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఇంగ్లండుకు వచ్చిన తొలితరం తెలుగు వైద్యుల అనుభవాల గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. చలి గురించి, ఉప్పూకారం లేని కూరల గురించి, రాత్రి డ్యూటీల గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులిద్దరూ చెప్పేశారు. కనుక నాకు మిగిలింది శనివారం సాయంత్రం నాలుగు గంటలు.

నేను 1975లో లాంకషైర్‌లోని ఒక చిన్న ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. శనివారం నాలుగు కొట్టేసరికి మగవాళ్ళ వార్డు చివరనున్న టీవీ ముందుకు, నడవగలిగినవారు నడిచి, నడవలేనివారు మంచాలు తోయించుకుని చేరుకునేవారు. ఐటీవీ అనే చానెల్లో వరల్డ్ ఆఫ్ స్పోర్ట్ కార్యక్రమంలో ఆ వేళకు కుస్తీ వచ్చేది. వ్యాఖ్యాత కెంట్ వాల్టన్ గొంతు వినిపించిన తర్వాత ఫుట్‌బాల్ ఫలితాలు మొదలయ్యేదాకా, రక్తం తీస్తామంటే ఒక్కరూ చేయి చాపేవారు కాదు.

మీ పిల్లలు చూసే డబ్ల్యూడబ్ల్యూఈని మనసులో పెట్టుకుని వినకండి. అక్కడ 1947 నాటి మౌంటెవన్స్ నియమాల ప్రకారం బాక్సింగులో లాగా రౌండ్లు లెక్కగట్టి ఆడేవారు. సాధారణంగా రెండుసార్లు ప్రత్యర్థి భుజాలను నేలకానించినవాడో, రెండుసార్లు అతడిచేత ఓటమి ఒప్పించినవాడో గెలిచినట్లు. తప్పు చేస్తే రిఫరీ అందరికీ వినబడేలా హెచ్చరించేవాడు. మూడో హెచ్చరికతో ఆట ముగిసేది. మిక్ మెక్‌మానస్ అనే నల్లజుట్టు దుష్టుడు రెండు హెచ్చరికలదాకా నిర్భయంగా తప్పులు చేసి, ఆ తర్వాత సాధువులా ఆడేవాడు. అంతటి దుర్మార్గుడు తన చెవి ఎవరైనా పట్టుకుంటే మాత్రం, చెవులు వద్దని రిఫరీతో మొరపెట్టుకునేవాడు. ఆ క్షణానికి మా వార్డులో ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేవారు. గోదా పక్కన కూర్చున్న ముసలమ్మలు అలాంటివాళ్ళను చేతిసంచులతో బాదడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

ఇక్కడే నా ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. ఈ మాట ఎత్తిన ప్రతిసారీ మన కుర్రవాళ్ళు "అంకుల్, అదంతా నాటకం కదా" అని చిన్నగా నవ్వుతారు. నేను కూడా ఒకనాడు అదే ప్రశ్న అడిగాను. నేను అడిగినది ఊపిరితిత్తుల నిండా బొగ్గుధూళితో మూడో మంచంలో పడుకున్న ఒక విశ్రాంత గని కార్మికుణ్ణి. చర్మం కింద బొగ్గు ఉండిపోయి ఆయన చేతివేళ్ళమీద పాత గాయాలన్నీ పచ్చబొట్లలా నీలంగా ఉండేవి. ఆయన నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. "గామా దేశంవాడివి కదా, చేయి ఇలా ఇవ్వు" అన్నాడు. 1910లో మన దేశపు మల్లయోధుడు గామా లండన్‌కు వచ్చినప్పుడు జ్బిష్కో అనే మహాబలుడు రెండున్నర గంటలకు పైగా నేలకు బల్లిలా అతుక్కుని, వారం తర్వాత జరగవలసిన రెండో పోటీకి మొహం చాటేసిన కథ నాకు మా తాతగారి ద్వారా తెలుసు. ఆ కథ లాంకషైర్ వార్డులో ఎదురవుతుందని నేను ఊహించలేదు.

ఆ గని కార్మికుడు యౌవనంలో విగన్ అనే ఊళ్ళో బిల్లీ రైలీ నడిపిన తాలింఖానాకు వెళ్ళినవాడట. పాములపుట్ట అని దానికి పేరు. అది లాంకషైర్ పద్ధతి: ఒంటిమీద ఎక్కడైనా పట్టవచ్చు, కీలును తిప్పి ఓటమి ఒప్పించవచ్చు. అదే కొంచెం ఉత్తరాన కంబర్లండుకు వెళితే, ఇద్దరూ ఒకరి భుజంపై ఒకరు గడ్డం ఆనించి, వీపు వెనుక చేతులు పెనవేసుకుని మొదలుపెడతారు. పట్టు విడిచినవాడు ఓడినట్లే. నైరుతి మూలనున్న కార్న్‌వాల్‌లో వేసుకున్న చొక్కాను పట్టి విసురుతారు. గోదావరి దాటితే యాస మారినట్లు, ఇక్కడ జిల్లా దాటితే పట్టు మారుతుంది. సముద్రం దాటితే చెప్పనే అక్కర్లేదు: అమెరికాలో వాడుకగా ఎడమ చేతిని పడితే, మెక్సికోలో కుడి చేతిని పడతారు.

రైలీ దగ్గర శిక్షణలో ఎముకలు నలిగిన బిల్లీ రాబిన్సన్ 1975 డిసెంబరులో జపాన్‌లో ఆ దేశపు మల్లయోధుడు ఆంటోనియో ఇనోకితో అరవై నిమిషాలు పోరాడి సమానంగా నిలిచాడు. తరువాత 1999లో టోక్యోలో విగన్ పాములపుట్ట పేరుతోనే ఒక శిక్షణాలయం వెలిస్తే, రాబిన్సనే అక్కడ గురువయ్యాడు. ఇంగ్లండులో మాత్రం బిగ్ డాడీ అనే భారీకాయుడు పొట్టతో గుద్దే గుద్దులకు చప్పట్లు మారుమోగుతుండగా పట్టువిద్య పలచబడిపోయింది. నన్ను క్షమించాలి, బిగ్ డాడీ అభిమానులు ఈ సభలో ఉన్నారని నాకు తెలుసు. 1988 డిసెంబరులో ఐటీవీ ఆ ప్రసారాలనే ఆపేసింది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, కాని నా చేయి ఇంకా ఆ గని కార్మికుడి చేతిలోనే ఉంది. ఒక చేత్తో నా మణికట్టును పట్టి, రెండో చేతిని నా మోచేతి వెనుకగా చుట్టి, తన మణికట్టునే తాను బిగించుకుని, పది అడుగులు వేస్తే ఆయాసపడే ఆ మనిషి నా మోచేతిని వీపువైపు నెమ్మదిగా రెండంగుళాలు జరిపాడు. భుజంకీలు గురించి పరీక్షలో పేజీలకొద్దీ రాసి మార్కులు తెచ్చుకున్న నేను, ఆ కీలు ఎక్కడ ఆగుతుందో అప్పుడు తెలుసుకున్నాను. నోట మాట రాక మంచం పట్టీమీద రెండోచేత్తో కొట్టాను. సరిగ్గా అప్పుడే మా కన్సల్టెంటు వార్డులోకి వచ్చి, మంచంమీదికి వంగిపోయిన నన్ను చూసి, ఏం జరుగుతోందని అడిగారు.

మూడో మంచం ఆయన పట్టు వదలకుండానే, "డాక్టరుగారు నాడి చూస్తున్నారండీ" అన్నాడు.