సుగ్గికి (కూలికి వలస) పోయే ముందు తల్లీబిడ్డ కార్డు రాయించుకోండి

(కర్నూలు జిల్లా ఆదోని ప్రాంతంలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో ఒక విశ్రాంత ఏఎన్ఎం (ఊళ్ళలో తిరిగే సర్కారు నర్సు) చేసిన ప్రసంగం)

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్కారం. వెనక వరుసలో కూర్చున్న అత్తగార్లకు ఇంకో నమస్కారం. కోడలు ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి, ఏం తినాలి, ఏం తినకూడదు అనేవి చాలా ఇళ్ళలో మీ నోటి మాట మీదే నడుస్తాయి. అందుకే మీరు కూడా వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

మొన్న బస్టాండులో ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టి ఆపింది. పెళ్ళయి ఏడాది కాలేదు. మొగుడు మార్కెట్ యార్డులో హమాలీ. "మేడం, నెల తప్పింది, మూడో నెల నడుస్తోంది. మాకు ఇన్సూరెన్స్ ఏమీ లేదు. ఒక్కసారి చూపించుకుంటే వేలల్లో అవుతుందని పక్కింటామె చెప్పింది. పత్తి డబ్బులు చేతికొచ్చాక పోదామని మా ఆయన అంటున్నాడు" అంది. పత్తి డబ్బులు వచ్చేసరికి ఆ పిల్లకు ఆరో నెల వస్తుంది. డబ్బులు వచ్చాక చూపించుకుందాం అనే ఈ ఒక్క మాట 32 ఏళ్ళ ఉద్యోగంలో ఎన్ని ఇళ్ళలో విన్నానో లెక్కలేదు. ఈ రోజు నేను దాని గురించే మాట్లాడడానికి వచ్చాను.

ముందు ఇన్సూరెన్స్ సంగతి తేల్చేద్దాం. కడుపుతో ఉన్నప్పుడు పాలసీ కొంటే ఆ కాన్పుకు అది పనికిరాదు. కాన్పు ఖర్చు ఇచ్చే పాలసీలు కూడా చాలావరకు కొన్నేళ్ళు గడిచాకే ఇస్తాయి. కాబట్టి మాకు పాలసీ లేదే అని బాధపడాల్సిన పని లేదు. మిల్లులోనో ఫ్యాక్టరీలోనో పని చేస్తూ జీతంలో ఈఎస్ఐ (కార్మికుల బీమా) కోత పడుతున్న చెల్లెళ్ళు ఉంటే మాత్రం ఆ కార్డు బయటికి తీయండి. దాంతో వైద్యంతో పాటు మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతం కూడా వస్తుంది. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఇంట్లో ఉంటే మంచిదే. కానీ సర్కారు ఆసుపత్రిలో నెలనెలా చూపించుకోవడానికి ఏ ఇన్సూరెన్స్ కార్డూ అడగరు. 2011 జూన్ 1 నుంచి దేశమంతటా జననీ శిశు సురక్ష కార్యక్రమం ఉంది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయ్యే ఏ తల్లికైనా, పేదా గొప్పా తేడా లేకుండా, కాన్పు ఉచితం. ఆపరేషన్ అయినా ఉచితమే. మందులు, రక్త పరీక్షలు, స్కానింగు, అవసరమైతే రక్తం, మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు భోజనం, రావడానికీ తిరిగి ఇంటికి చేరడానికీ బండి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరో దయతలచి ఇస్తున్నవి కావు ఇవి. మీ హక్కు.

అది ఉండగా కూడా మన ఆడపిల్లలు ఎందుకు నష్టపోతున్నారు? ఆలస్యంగా రావడం వల్ల.

మన దగ్గర నెల తప్పిన సంగతి మూడో నెల దాటేవరకు బయటికి చెప్పరు. దిష్టి తగులుతుందంటారు. ఆ భయం నాకు తెలుసు, నా మొదటి కాన్పప్పుడు మా అమ్మ కూడా నన్ను ఎవరికీ చెప్పనివ్వలేదు. ఊరందరికీ చెప్పొద్దు తల్లీ. ఆశా అక్కకు ఒక్కదానికి చెప్పండి. 12 వారాల లోపు, అంటే మూడో నెల నిండకముందే, పేరు రాయించుకుంటే తల్లీబిడ్డ కార్డు చేతికొస్తుంది. ఆ రోజే బరువు, బీపీ, రక్తం, రక్తం గ్రూపు చూస్తారు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేస్తారు. ఇవి ముందే తెలిస్తే బిడ్డకు సోకకుండా ఆపే మందులున్నాయి, ఎనిమిదో నెలలో తెలిస్తే వాటికి టైం తక్కువ ఉంటుంది. గ్రూపు నెగటివ్ అయితే తర్వాత ఒక ఇంజెక్షన్ సంగతి ఆలోచించాలి. షుగరుకైతే 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 దాటితే జాగ్రత్త పడాలి. పరగడుపున రావాల్సిన పని కూడా లేదు దీనికి.

కాన్పు అయ్యేలోపు నాలుగు సార్లయినా చూపించుకోవాలని మన సర్కారు లెక్క. ఎనిమిది సార్లయితే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీని గుర్తుపెట్టుకోండి. ఆ రోజు సర్కారు ఆసుపత్రుల్లో డాక్టరే స్వయంగా గర్భిణులను చూస్తారు. 2016 నుంచి ఇది నడుస్తోంది. ఆ రోజు రద్దీ ఉంటుంది, నిజమే. పొద్దున్నే పోండి, సద్ది కట్టుకుని పోండి.

ఇప్పుడు రక్తం సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఏమనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తం తక్కువని తేలింది. హిమోగ్లోబిన్ 11 పాయింట్లు ఉండాలి. ఏడు కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, 180 రోజులు. ఇది ఊళ్ళోనే, పైసా లేకుండా ఇస్తారు. నేను ఇళ్ళకు పోయినప్పుడు ఈ మాత్రలు ఎక్కడ దొరికేవో తెలుసా? సజ్జ మీద, బియ్యం డబ్బా వెనక, విప్పని అట్టలతో. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఒక అత్త చెప్పింది. బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఇంకో అత్త చెప్పింది. అమ్మా, విరేచనం నల్లగా అవుతుంది, అంతే. బిడ్డ రంగు తల్లిదండ్రులది. బిడ్డ మంచి బరువుతో పుడితేనే కదా బతికి బట్టకట్టేది!

వికారంగా ఉంటే అన్నం తిన్నాక రాత్రి పడుకునే ముందు వేసుకోండి. టీతో మాత్రం వద్దు, టీ తాగితే ఆ ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళతో అయితే బాగా పడుతుంది. కాల్షియం మాత్ర కూడా ఇస్తారు, రెండూ ఒకేసారి వేసుకోకుండా కనీసం రెండు గంటలు ఎడం పెట్టండి. ఇక తిండికి అంగడి పౌడర్ల డబ్బాలు కొనకండి. సద్దరొట్టె (సజ్జరొట్టె), బుడ్డలు (వేరుశనగలు) బెల్లం, మునగాకు పప్పు, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు. ఆ గుడ్డు మాత్రం ఇంటికి తెచ్చి పిల్లలకు పంచకండి. అది కడుపులో ఉన్న బిడ్డది.

డబ్బు ఎక్కడ పోతోందో చెబుతాను. మా అక్క కూతురు మొదటి ఆరు నెలలూ ప్రైవేటులో చూపించుకుంది. ప్రతి నెలా స్కానింగు చేశారు. ఏం బాగాలేదని చేశారు అని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఏడో నెలకు చేతిలో డబ్బు అయిపోయింది. ఎనిమిదో నెలలో కమ్మలు తాకట్టు పెట్టారు. చివరికి నొప్పులొచ్చిన రాత్రి, అక్కడ అడిగినంత కట్టలేక, సర్కారు ఆసుపత్రికి తీసుకొచ్చారు. చేతిలో కాగితం లేదు, గ్రూపు ఏమిటో ఎవరికీ తెలియదు. బిడ్డ దక్కింది, దేవుడి దయ. ఆ కమ్మలు ఇప్పటికీ విడిపించలేదు. బిడ్డ అవయవాలు చూసే స్కాన్ ఐదో నెలలో, అంటే 18 నుంచి 20 వారాల మధ్య, తప్పక తీయించాలి. డాక్టరు కారణం చెప్పి రాస్తే ఇంకోటి తీయించాలి. అంతకు మించి ఎవరైనా రాస్తే ఎందుకని అడగండి. ఆడా మగా అని మాత్రం ఎక్కడా అడగకండి. 1994 చట్టం ప్రకారం చెప్పేవాళ్ళదీ అడిగేవాళ్ళదీ నేరమే.

సుగ్గి గురించి చెప్పకుండా ఈ ప్రాంతంలో ఏం మాట్లాడినా సగమే. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు పంటలు కాగానే ఇళ్ళకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు నెలల తరబడి పోతారు. మేస్త్రీ అడ్వాన్సు ముందే తీసుకుని ఉంటారు, కడుపుతో ఉన్నా ఆగలేరు. నేను పోవద్దని చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు, ఇంట్లో అప్పు నేను తీర్చను కదా. ఒక్కటి అడుగుతాను. లారీ ఎక్కేముందు కార్డు మూటలో పెట్టుకోండి, రెండు నెలల మాత్రలు అడిగి తీసుకోండి. పోయిన చోట ఉండే ఆశాకు, ఏఎన్ఎంకు ఆ కార్డు చూపిస్తే చాలు, చూడాల్సిందే, మందులివ్వాల్సిందే. అంగన్‌వాడీ టీచరుకు ముందే చెబితే ఫోనులోని పోషణ్ ట్రాకర్‌లో మీ పేరు అక్కడి కేంద్రానికి మార్చవచ్చు. పుట్టింటికి కాన్పుకు పోయే పిల్లలకూ ఇదే మాట.

ఒక ఏడాది సుగ్గి నుంచి తిరిగొచ్చిన అమ్మాయిని ఇంటి ముందు చూశాను. మొహమంతా ఉబ్బింది. తలనొప్పి అంది, కళ్ళు మసకలంది. ఎండకు అనుకున్నారట. బీపీ చూస్తే 170 మీద ఉంది. 140/90 దాటినా కంగారు పడాలి మనం. గుర్రపువాతం వచ్చి ఫిట్స్ కొట్టే స్థితి. 108కు ఫోను చేసి ఆదోనికి, అక్కడి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి, దాదాపు 100 కిలోమీటర్లు, పక్కన కూర్చుని పోయాను. ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. నాలుగు నెలల్లో ఒక్కసారి ఎవరైనా బీపీ పట్టీ కట్టి ఉంటే ముందే తెలిసేది. అందుకే చెబుతున్నాను, తలనొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, మొహం ఉబ్బినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. మొగుడు ఊళ్ళో లేడని ఆగకండి. 108కు మీరే చేయండి.

సర్కారు ఆసుపత్రిలో కసురుకుంటారని, బిడ్డ పుట్టాక డబ్బులు గుంజుతారని మీరంటారు. నేను అక్కడే పనిచేసినదాన్ని, అబద్ధం చెప్పను. కొన్ని చోట్ల అది ఉంది. చూసి సిగ్గుపడ్డాను. కానీ దానికి భయపడి అప్పు చేసి బయటికి పోతే నష్టం మీకే. ఒంటరిగా పోకండి, సంఘం నుంచి ఒకరు తోడు పోండి. ఎవరైనా చేయి చాపితే పేరు, తేదీ, అడిగినంత రాసి సూపరింటెండెంటు గారికి ఇవ్వండి. పది మంది సంతకాలుంటే ఆ కాగితానికి బలం వస్తుంది. అప్పులు వసూలు చేయడంలో మన సంఘాలకున్న పట్టుదల దీనికి కూడా చూపిద్దాం.

చేతికొచ్చే డబ్బు గురించి కూడా చెప్పేస్తాను. మొదటి బిడ్డకు మాతృవందన యోజనలో 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. ఆధార్‌కు కలిపిన బ్యాంకు ఖాతా తల్లి పేరు మీదే ఉండాలి. ఈ డబ్బుకు కూడా మొదట అడిగేది ఆ కార్డే.

బస్టాండులో కలిసిన అమ్మాయిని మరుసటి రోజు పీహెచ్‌సీకి తీసుకెళ్ళాను. రక్తం 8.4 ఉంది. అప్పటికి పదకొండో వారం. టైం ఉంది. మొగుడికి కూడా నేనే ఫోనులో చెప్పాను, ఆటో చార్జీ తప్ప ఏమీ కాలేదని.

ఇప్పుడు కార్డులు తెచ్చుకున్నవాళ్ళు అలా పక్కన ఆ వేపచెట్టు కిందికి రండి. ఒక్కొక్కటి తెరిచి ఏ పరీక్ష మిగిలిందో చూసి చెబుతాను. కార్డు లేనివాళ్ళు కూడా రండి, ఆశా అక్క రిజిస్టరు తెచ్చింది.