గౌను కింద తుపాకీ

(నల్లగొండలో జూనియర్ న్యాయవాదులు, లా విద్యార్థుల సమావేశంలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, జూనియర్ మిత్రులకు, లా చదువుతున్న పిల్లలకు నమస్కారం.

కోర్టు హాల్లో జడ్జీలు తమ రక్షణ కోసం బయటికి కనపడకుండా తుపాకీ పెట్టుకోవాలా అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఈ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చిందో నాకు అర్థమైంది. 2025 ఫిబ్రవరిలో రంగారెడ్డి జిల్లా కోర్టులో జీవిత ఖైదు పడ్డ ముద్దాయి ఒకడు మహిళా జడ్జి మీదికి చెప్పు విసిరాడు. అదే సంవత్సరం అక్టోబరు 6న సాక్షాత్తు సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి గవాయ్ గారి మీదికి బూటు విసరబోయింది ఒక వకీలు. ఇవాళ చెప్పు వచ్చింది, రేపు ఇంకేం వస్తుందోనని భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ తుపాకీ మాత్రం వద్దంటాను. ఎందుకో చెప్తాను.

మన సెషన్స్ కోర్టు హాలు ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. సోమవారం, పదిన్నర దాటింది. పైన జడ్జిగారు. ఆయనకు సరిగ్గా ఎదురుగా, ఒక మెట్టు కింద బెంచ్ క్లర్కు ఫైళ్ళ కట్టలు ముందేసుకుని కూర్చుంటాడు, పక్కన స్టెనో. వాళ్ళను ఆనుకుని మన బల్ల. మన వెనక జూనియర్లు, వాళ్ళ వెనక పార్టీలు. అటెండర్ గుమ్మం దగ్గర పేరు పిలిచినప్పుడల్లా ఒక్కడి కోసం నలుగురు లోపలికి తోసుకొస్తారు. జడ్జిగారి కళ్ళు సాక్షి మొహం మీదో, స్టెనో టైపు చేస్తున్న స్క్రీన్ మీదో ఉంటాయి. చేతిలో పెన్ను. ఒంటి మీద కోటు, దాని మీద గౌను, ఆ రెండింటి కింద నడుముకు తుపాకీ అనుకుందాం. ఎవడో బోనులోంచి దూకాడు. ఆయన వాణ్ని చూడాలి, వాడు నిజంగానే మీదికి వస్తున్నాడని నమ్మాలి, గౌను పక్కకు లాగాలి, కోటు ఎత్తాలి, తుపాకీ తీయాలి, గురి చూడాలి. ఆ గురికి అడ్డంగా ఎవరున్నారు? బెంచ్ క్లర్కు తల, స్టెనో తల, నా తల.

అమెరికాలో లాస్ వేగాస్‌లో 2024 జనవరి 3న ఇలాగే జరిగింది. శిక్ష వేయబోతున్న జడ్జి మీదికి ముద్దాయి బల్ల మీదుగా దూకేశాడు. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. కనురెప్ప వేసేలోగా అయిపోయింది. జడ్జిని కాపాడింది ఆమె క్లర్కు, కోర్టు భద్రత చూసే మార్షల్. వాళ్ళు వాణ్ని ఒట్టి చేతులతోనే లాగి కింద పడేశారు.

అమెరికా ఎందుకు, సూర్యాపేట చాలు. 2015 ఏప్రిల్ మొదట్లో, అప్పటికింకా అది మన నల్లగొండ జిల్లానే. అర్ధరాత్రి బస్టాండులో పోలీసులు బస్సు తనిఖీ చేస్తుంటే లోపలున్నవాళ్ళు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. సీఐ గాయపడ్డారు. వాళ్ళు పోలీసులు, తనిఖీకనే వెళ్ళినవాళ్ళు. ట్రైనింగ్ ఉన్నవాళ్ళకే ముందు కాల్చినవాడి ముందు టైం దొరకలేదు. పొద్దున్నించీ వాంగ్మూలాలు రాయించి, మధ్యలో రెండు బెయిల్ పిటిషన్లు విని అలసిపోయిన జడ్జికి ఎక్కణ్నుంచి దొరుకుతుంది?

ఇక తుపాకీ ఎవరి చేతికి పోతుందనేది ఇంకో సంగతి. అట్లాంటాలో 2005 మార్చి 11న అత్యాచారం కేసులో విచారణకు తెచ్చిన ముద్దాయి, తనను తీసుకొచ్చిన డెప్యూటీని, అంటే కాపలా అధికారిణిని, కొట్టి పడేసి, ఆమె తుపాకీతోనే కోర్టు హాల్లో జడ్జిని, మన స్టెనోలాగా వాంగ్మూలాలు రాసుకునే కోర్టు రిపోర్టర్‌ను చంపాడు. వాడు బయటినుంచి ఆయుధం తేలేదు. కోర్టులో ఉన్నదే వాడికి సరిపోయింది. మన దగ్గర గురుగ్రామ్‌లో 2018 అక్టోబరులో ఒక జడ్జిగారి భార్యను, కొడుకును నడిబజారులో కాల్చింది ఆయనకిచ్చిన గన్‌మనే. బీహార్‌లో ఝంఝార్‌పూర్‌లో 2021 నవంబరులో జడ్జి చాంబర్లోకి వచ్చి పిస్తోలు గురిపెట్టారని ఆరోపణ వచ్చింది ఇద్దరు పోలీసు అధికారుల మీదే. ఇవి చెప్పి పోలీసులను తిట్టడం నా ఉద్దేశం కాదు. కోర్టులో తుపాకులు పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందన్న లెక్క ఎక్కడా కుదరలేదని చెప్తున్నాను.

అవతలి వాదన కూడా వినాలి కదా. ఒహాయో రాష్ట్రంలో స్టూబెన్‌విల్ అనే ఊళ్ళో 2017 ఆగస్టు 21న ఒక జడ్జి కోర్టుకు నడిచి వస్తుంటే ఒకడు కాల్చాడు. జడ్జి దగ్గరా తుపాకీ ఉంది, ఆయనా తిరిగి కాల్చాడు. ప్రొబేషన్ ఆఫీసర్ ఒకాయన అడ్డం వచ్చి దుండగుణ్ని కాల్చి చంపాడు. జడ్జి గాయాలతో బతికాడు. తుపాకీ కావాలనేవాళ్ళు ముందుగా చెప్పేది ఈ కేసే, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే ఒకటి గమనించండి. అది జరిగింది కోర్టు బయట, దారిలో. ఆరుబయట జరిగినదాన్ని తెచ్చి కోర్టు హాలుకు అతికిస్తే ఎలా?

దారి, ఇల్లు సంగతి వేరు. జడ్జి కూడా పౌరుడే. ప్రాణభయం ఉంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు. అది ఆయనిష్టం. కోర్టు హాల్లోకి తేవడం దగ్గరే నా పేచీ.

లా పిల్లలు ఈ ముక్క జాగ్రత్తగా వినండి. జడ్జిగారు కాల్చారు, ఒకడు పడిపోయాడు. ఆ తర్వాత? భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఆత్మరక్షణ హక్కు ఉంది, అది జడ్జికీ వర్తిస్తుంది. కానీ ఆ హక్కు హద్దు దాటిందా లేదా అని ఎవరో ఒకరు తేల్చాలి. అప్పుడు జడ్జిగారు సాక్షి, లేదా ముద్దాయి. ఆయన ముందున్న కేసు ఇంకో కోర్టుకు పోతుంది. 1985 నాటి జడ్జీల రక్షణ చట్టం న్యాయ విధుల్లో చేసిన పనికి కవచం ఇస్తుంది. ట్రిగ్గర్ నొక్కడం న్యాయ విధి కిందికి వస్తుందని నేనైతే వాదించలేను.

షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి మీకు గుర్తుండే ఉంటుంది. 2019 డిసెంబరు 6. దిశ హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్ళు తుపాకులు లాక్కుని కాల్చారని, అందుకే ఎదురుకాల్పులు జరిపామని పోలీసులు చెప్పారు. సిర్పూర్కర్ కమిషన్ విచారించి, ఆ మాట నమ్మలేమంది. కాల్పులు జరిగిన చోట నిజం ఏమిటో తేల్చడానికి, ఆ కాల్పులతో సంబంధం లేని మనిషి ఒకరు కావాలి. మన వ్యవస్థలో ఆ మనిషే జడ్జి. ఆయన చేతికే తుపాకీ ఇస్తే, ఇక ఎవరి దగ్గరికి పోతాం?

మరి రక్షణ ఎలా అంటారా? 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రద్యుమ్న్ బిష్ట్ కేసులో దీని మీద వివరంగా ఆదేశాలిచ్చింది. ప్రతి కోర్టు ఆవరణకూ శాశ్వత భద్రతా దళం ఉండాలి, సీసీ కెమెరాలు ఉండాలి, లోపలికి వచ్చేవాళ్ళనూ సామాన్లనూ తనిఖీ చేయాలి అని. కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు, అమలు కావాలి. ప్రణయ్ హత్య కేసులో 2025 మార్చి 10న ఇక్కడే తీర్పు వచ్చిన రోజు గుర్తు తెచ్చుకోండి. కోర్టు చుట్టూ ఎంతమంది పోలీసులు! ఆ మర్నాడు గేటు దగ్గర ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి. పెద్ద కేసు రోజే ప్రమాదం ఉంటుందని ఎవరు చెప్పారు? పదిహేనేళ్ళ భూమి తగాదాలో డిక్రీ పోగొట్టుకున్నవాడికి అదే పెద్ద కేసు.

ముద్దాయిలను జైలు నుంచి బస్సుల్లో, ఆటోల్లో తిప్పడం తగ్గించాలి. ఒట్టి వాయిదా వేసుకోవడానికి ఒక ముద్దాయిని, ఇద్దరు ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుళ్ళను ఊళ్ళు దాటించి తేవడం దేనికి? వీడియో లింకుతో అయిపోయే పని అది. సాక్ష్యం రోజు మాత్రం మనిషిని తేవాల్సిందే, అందులో నాకు రాజీ లేదు.

ఇక దూరపు కోర్టులు. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ లాంటి చోట పనిచేసే యువ మేజిస్ట్రేట్ సంగతి ఎవరన్నా ఆలోచించారా? కోర్టులో ఉన్నంతసేపు నలుగురి మధ్య ఉంటారు. పొద్దున నడకకు పోతే వెంట ఎవరుంటారు? ధన్‌బాద్‌లో జడ్జి ఉత్తమ్ ఆనంద్ గారిని 2021 జులై 28న తెల్లవారుజామున ఆటోతో గుద్ది చంపారు. ఆయన రోడ్డు పక్కన వ్యాయామంగా పరుగెడుతున్నారు. వెనకనుంచి వచ్చిన ఆటో ముందు ఏ పిస్తోలు పనిచేస్తుంది? అలాంటిచోట క్వార్టర్లు కోర్టు ఆవరణలోనే కట్టాలి, బెదిరింపు వచ్చినరోజే ఎస్పీ స్పందించాలి.

ఆఖరుగా మన సంగతి. ఢిల్లీలో రోహిణి కోర్టులో 2021 సెప్టెంబరు 24న ఒక గ్యాంగ్‌స్టర్‌ను కాల్చినవాళ్ళు వకీళ్ళ డ్రెస్సులో వచ్చారు. 2023 జూన్‌లో లక్నో కోర్టులో కాల్చినవాడూ అంతే. ఈ నల్లకోటు చూసి గేటు దగ్గర కానిస్టేబుల్ పక్కకు జరుగుతాడని వాళ్ళకు తెలుసు. బ్యాగు తెరవమంటే "నేనెవరో తెలుసా" అనేది మనమే. రేపటినుంచి మన బార్ అసోసియేషన్‌లో సీనియర్లం, నాతో సహా, గేటు దగ్గర ఐడీ కార్డు చూపించి బ్యాగు తెరిచే లోపలికి పోదామని ప్రతిపాదిస్తున్నాను. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే ఇప్పుడే లేచి చెప్పండి, చర్చిద్దాం.