ఓప్రా విన్‌ఫ్రీ: జీతం వదిలి షోనే రాయించుకున్న యాంకర్

[స్క్రీన్ మీద: బాల్టిమోర్, అమెరికా. పాత టీవీ సెట్. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు యాంకర్లు.]

ఒకే షో, ఇద్దరు యాంకర్లు. ఒకాయన, ఒక అమ్మాయి. ఇద్దరిదీ ఒకే పని, ఆయన జీతం మాత్రం ఎక్కువ. ఆ అమ్మాయి ధైర్యం చేసి బాస్ గదిలోకి వెళ్లి, నాకూ అంతే ఇవ్వండి అని అడిగింది. బాస్ ఏమన్నాడంటే, ఆయనకి పిల్లలున్నారు, ఇల్లుంది, ఖర్చులున్నాయి, నీకేమున్నాయమ్మా అని. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి బయటికొచ్చేసింది. గొడవ పెట్టుకోలేదు. ఇదంతా తర్వాత ఆవిడే చెప్పుకుంది.

ఈ డైలాగ్ వినని ఉద్యోగం చేసే ఆడవాళ్లు మన దగ్గర మాత్రం ఎంతమంది ఉంటారు లెండి.

ఆ అమ్మాయే ఓప్రా విన్‌ఫ్రీ. 2003లో ఫోర్బ్స్ పత్రిక బిలియనీర్ల లిస్టులోకి ఎక్కిన మొట్టమొదటి నల్లజాతి మహిళ. ఓప్రా గురించి ఎవరు చెప్పినా ముందు మాటకారితనం గురించే చెప్తారు. అవతలివాళ్లని ఏడిపిస్తుంది, తనూ ఏడుస్తుంది, అందుకే హిట్టయింది అంటారు. నిజమే, పేరు అలాగే వచ్చింది. డబ్బు మాత్రం అలా రాలేదు. అదెలా వచ్చిందో ఈరోజు చూద్దాం.

[పాత ఫొటో: మిసిసిపి పల్లెటూరు]

1954 జనవరి 29, మిసిసిపి రాష్ట్రంలో కోసియస్కో అనే చిన్న ఊరు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఓప్రా కాదు. బైబిల్ చదివినవాళ్లకి రూతు గ్రంథంలో ఒర్పా గుర్తుండే ఉంటుంది, రూతు తోడికోడలు. ఆ పేరే పెట్టారు. నోరు తిరక్క చుట్టుపక్కలవాళ్లు ఓప్రా, ఓప్రా అంటూ ఉంటే అదే ఖాయమైపోయింది. అమ్మమ్మ దగ్గర పెరిగింది. బంగాళదుంపల గోనెసంచులతో కుట్టిన గౌన్లు వేసుకునేది. అంత పేదరికంలోనూ మూడేళ్లకే చదవడం నేర్పింది ఆ అమ్మమ్మ. చర్చిలో బైబిల్ వచనాలు అప్పజెప్పించేది. స్టేజీ భయం పోయింది అక్కడే.

ఆరేళ్లకి మిల్వాకీలో ఉన్న తల్లి దగ్గరికి వెళ్లింది. అక్కడ, తొమ్మిదేళ్ల వయసు నుంచి, దగ్గరివాళ్ల చేతుల్లోనే లైంగిక వేధింపులు. పద్నాలుగేళ్లకి గర్భం. పుట్టిన బిడ్డ బతకలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ వేధింపుల మాట సొంత షోలోనే బయటపెట్టింది కాబట్టి చెప్తున్నాను, అంతకుమించి పొడిగించను.

నాష్‌విల్‌లో తండ్రి వెర్నన్ మంగలి షాపు నడిపేవాడు. అక్కడికి చేరాక దారి మారింది. పుస్తకం చదవాలి, ఏం చదివావో రాసి చూపించాలి, ఆయన రూలు అది. స్కూల్లో ఉండగానే లోకల్ రేడియోలో వార్తలు చదివింది, కాలేజీ రోజుల్లోనే టీవీకి వెళ్లింది.

[బాల్టిమోర్ న్యూస్ స్టూడియో]

1976లో బాల్టిమోర్‌లో సాయంత్రం ఆరింటి వార్తలకి యాంకర్. పెద్ద ఉద్యోగం, పెద్ద ఫెయిల్యూర్. ఇల్లు కాలిపోయిన వాళ్ల దగ్గర మైకు పట్టుకుంటే ఈవిడకే కళ్లనీళ్లు వచ్చేసేవి. రూపు కూడా బాగా లేదని స్టేషన్ వాళ్లు న్యూయార్క్‌లో సెలూన్‌కి పంపారు. అక్కడ జుట్టుకి పట్టించిన మందు నెత్తి మీద మండుతుంటే మొహమాటపడి నోరెత్తలేదట. కొన్నాళ్లకి జుట్టంతా ఊడిపోయింది! గుండుతో వార్తలు చదవడం కుదరదు కదా. కొన్ని నెలలకే యాంకర్ సీటు పోయింది. కాంట్రాక్టు ఉంది కాబట్టి తీసేయలేక, 1978లో పొద్దున్న వచ్చే ఓ కబుర్ల షోలో పడేశారు. మొదట్లో చెప్పిన జీతం కథ ఆ షోదే. మొదటి రోజు షో అయ్యాకే నా చోటు ఇదేనని తెలిసిపోయిందంటుంది.

1984 జనవరి 2, చికాగో. రేటింగుల్లో అట్టడుగున ఉన్న అరగంట షో చేతికొచ్చింది. అదే ఊళ్లో, అదే టైముకి ఫిల్ డోనహ్యూ. అప్పటికి టాక్ షో అంటే ఆయనే. ఒక్క నెలలో ఓప్రా ఆయన్ని దాటేసింది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. అసలు కథ ఇక్కడుంది.

[గ్రాఫిక్: అమెరికా మ్యాపు, ఊరూరా టీవీ టవర్లు]

అమెరికాలో ఊరూరా లోకల్ టీవీ స్టేషన్లు ఉంటాయి. పగటిపూట వచ్చే ఇలాంటి షోలని ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ విడిగా కొనుక్కుని వేసుకుంటుంది. దీన్ని సిండికేషన్ అంటారు. మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, సినిమాని నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా అమ్ముతారు చూడండి, అదే. ఇక్కడ డిస్ట్రిబ్యూటర్ కింగ్ వరల్డ్ అనే కంపెనీ. 1986 సెప్టెంబర్ 8న ఓప్రా షో దేశమంతా మొదలైంది, ఒకేసారి 138 స్టేషన్లలో.

షో తీసే ఖర్చు ఒకసారే. డబ్బులొచ్చేది మాత్రం 138 చోట్ల నుంచి. మరి ఆ డబ్బు ఎవరికి? నిర్మాతకి, డిస్ట్రిబ్యూటర్‌కి. యాంకర్‌కి వచ్చేది పేమెంటు. షో ఎంత పెద్ద హిట్టయినా ఆ పేమెంటు కొంచెం పెరుగుతుంది, అంతే.

ఈ లెక్క ఆవిడకి ఒంటబట్టడానికి ఒక సినిమా కారణం. క్విన్సీ జోన్స్ అనే సంగీత దర్శకుడు చికాగో వచ్చినప్పుడు టీవీలో ఈవిడ షో చూశాడు. ఆయన నిర్మాతగా, స్పీల్‌బర్గ్ దర్శకుడిగా 'ద కలర్ పర్పుల్' సినిమా తయారవుతోంది. అందులో సోఫియా అనే పాత్రకి ఈవిడే సరిపోతుందన్నాడు. ఆడిషన్ ఇచ్చింది, నెలలు గడిచినా కబురు లేదు. లావుగా ఉన్నాననే ఇవ్వలేదేమో అనుకుని బరువు తగ్గించే ఓ సెంటర్‌లో చేరిపోయింది. అక్కడ పరుగులు పెడుతుంటే స్పీల్‌బర్గ్ నుంచి ఫోన్. ఒక్క పౌను తగ్గినా ఈ పాత్ర నీకు దక్కకపోవచ్చు అన్నాడట! మూటాముల్లె సర్దుకుని నేరుగా ఐస్‌క్రీమ్ షాపుకెళ్లిందని ఆవిడే నవ్వుతూ చెప్తుంది.

పాత్ర వచ్చింది. సెలవు దగ్గర చిక్కొచ్చింది. ప్రాణం పెట్టిన సినిమాకి వెళ్లాలంటే టీవీ వాళ్ల పర్మిషన్ కావాలి, లీవు కోసం బతిమాలుకోవాలి. ఆ సినిమా 1985లో విడుదలై ఆస్కార్ నామినేషన్ కూడా తెచ్చింది, అది వేరే విషయం. ఇంకోసారి ఇలా ఎవరినీ అడుక్కునే పరిస్థితి రాకూడదని ఆవిడ గట్టిగా అనుకుంది. లాయర్ జెఫ్ జేకబ్స్ చూపించిన దారి ఒకటే: జీతం పెంచమని అడగొద్దు, షోనే అడుగు.

1986లో సొంత కంపెనీ పెట్టింది. పేరు హార్పో. ఓప్రాని ఇంగ్లిష్‌లో వెనక నుంచి చదివితే వచ్చే పేరు. తమాషా ఏంటంటే, ఆ సినిమాలో సోఫియా మొగుడి పేరు కూడా హార్పోనే. 1988లో షో హక్కులు, నిర్మాణం అంతదాకా షో తీస్తున్న ఏబీసీ అనే టీవీ కంపెనీ వాళ్ల చేతిలోంచి హార్పోకి వచ్చేశాయి. వాళ్లు ఊరికే ఇస్తారా? ఆవిడ లేచి వెళ్లిపోతే వాళ్ల చేతిలో మిగిలేది ఖాళీ కుర్చీ. మన పెద్ద హీరోలు రెమ్యూనరేషన్ బదులు ఒక ఏరియా రాయించుకుంటారు కదా. ఈవిడ ఏకంగా సినిమానే రాయించుకుంది.

తర్వాత చికాగోలో వాషింగ్టన్ బులవార్డ్ మీద ఓ పాత భవనం కొని స్టూడియో కట్టింది. నటీమణులు మేరీ పిక్‌ఫోర్డ్, లూసిల్ బాల్ తర్వాత అమెరికాలో సొంత స్టూడియో ఉన్న మూడో మహిళ.

[షో క్లిప్పులు వరసగా]

చేతిలో షో ఉంటే ఏం చేయొచ్చో చూడండి. 1996లో ఆవులకి వచ్చే మ్యాడ్ కౌ జబ్బు మీద ఒక ఎపిసోడ్ చేసింది. ఇక నేను బర్గర్ ముట్టను అనే అర్థం వచ్చేలా ఓ మాట అంది. టెక్సస్ పశువుల వ్యాపారులు భగ్గుమన్నారు, ధరలు పడిపోయాయని దావా వేశారు. 1998లో అమరిల్లో అనే ఊళ్లో విచారణ. ఇంకో యాంకరైతే షోకి సెలవు పెట్టేది. ఈవిడ షోనే ఆ ఊరికి తీసుకెళ్లింది. పగలు కోర్టు, ఆ తర్వాత షూటింగ్. కేసు గెలిచింది. ఆ కేసులో సలహాదారుగా పనిచేసిన ఫిల్ మెక్‌గ్రాని తన షోలోకి తెచ్చి, 2002లో 'డాక్టర్ ఫిల్' అని అతనికే ఒక షో పెట్టించింది. అందులోనూ హార్పోకి చేయి ఉంది. దావా ఖర్చులోంచి కూడా వ్యాపారం పుట్టించడం అంటే ఇదీ.

ఇక కార్లు. 2004 సెప్టెంబర్ 13న ప్రేక్షకులందరికీ చిన్న చిన్న పెట్టెలు పంచారు. ఒక్క పెట్టెలోనే తాళం ఉందని చెప్పారు. తీరా తెరిస్తే అన్నిట్లోనూ తాళాలే. 276 మందికి 276 పాంటియాక్ కార్లు. ఆ అరుపులు, ఏడుపులు మీరు మీమ్స్‌లో చూసే ఉంటారు. మీమ్‌లో కనపడనివి రెండున్నాయి. కార్లు ఇచ్చింది ఓప్రా కాదు, కంపెనీ. కొత్త మోడల్‌కి అంతకన్నా పెద్ద యాడ్ ఎక్కడ దొరుకుతుంది? రెండోది, అమెరికాలో బహుమతి కూడా ఆదాయం కిందే లెక్క. ఒక్కొక్కరికి ఏడు వేల డాలర్ల దాకా పన్ను పడింది. ఆనందంగా ఇంటికెళ్లి క్యాలిక్యులేటర్ పట్టుకున్నారన్నమాట.

బరువు సంగతి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 1988లో ఎర్రబండి ఒకటి స్టేజీ మీదికి లాక్కొచ్చింది. అందులో 67 పౌన్ల కొవ్వు. నేను ఇంత తగ్గాను అని చూపించడానికి. నెలల తరబడి ద్రవాహారం మీద ఉండి తగ్గిన బరువు, మళ్లీ తినడం మొదలెట్టగానే తిరిగొచ్చేసింది. 2015లో బరువు తగ్గించే వెయిట్ వాచర్స్ అనే కంపెనీలో సుమారు 43 మిలియన్ డాలర్లు పెట్టి పది శాతం వాటా కొంది. ఆ ఒక్కరోజే షేరు రెట్టింపైంది. 2023 చివర్లో, నేను బరువు తగ్గడానికి మందు వాడుతున్నాను అని చెప్పింది. 2024లో బోర్డు నుంచి తప్పుకుని, షేర్లు నల్లజాతి చరిత్ర మ్యూజియానికి ఇచ్చేసింది. 2025లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తన ఒంటి మీద తనకున్న దిగులునే దశాబ్దాల పాటు సరుకుగా అమ్మిందని విమర్శించేవాళ్లున్నారు. ఆ మాట పూర్తిగా కొట్టేయలేను.

[చానెల్ లోగో]

2011 మే 25న, 25 సీజన్లు, 4,561 ఎపిసోడ్ల తర్వాత షో ఆపేసింది. అప్పటికే డిస్కవరీతో కలిసి తన పేరు మీద ఓన్ అనే చానెల్ పెట్టింది. అది మొదట్లో చతికిలపడింది, మనుషుల్ని తీసేయాల్సి వచ్చింది. ఆ చానెల్ కోసమే 2012లో ఇండియా వచ్చింది. ఓ ఇంట్లో భోజనానికి కూర్చుని, ఇక్కడ కొందరు ఇంకా చేత్తోనే తింటారటగా అన్నట్టు అడిగింది. ముద్దపప్పులో ఆవకాయ కలుపుకునే మనకి అలా అడిగితే ఎలా ఉంటుంది? మన సోషల్ మీడియా బాగానే తలంటింది. టైలర్ పెర్రీ అనే రచయిత, దర్శకుడి సీరియళ్లు వచ్చాక చానెల్ నిలబడింది. 2017లో అందులో 24.5 శాతం వాటా డిస్కవరీకి 70 మిలియన్ డాలర్లకి అమ్మింది.

[చివరి షాట్: చికాగో వీధి, కొత్త గాజు భవనం]

ఆ చికాగో స్టూడియో ఉంది కదా, దాన్నీ ఉంచుకోలేదు. 2014లో అమ్మేసింది, 2016లో కూల్చేశారు. బర్గర్ మాటకి కోర్టుకెక్కిన మనిషి స్టూడియో ఉన్న ఆ చోట ఇప్పుడేముందో తెలుసా? మెక్‌డొనాల్డ్స్ హెడ్డాఫీసు.